దేవుని గురిగి

చేటలో బియ్యం నాలుగుసార్లు ఎగరేసి, పొట్టు రాలిపోయాక అరచేత్తో సాపుచేసి, మోషే ముందుగా నల్లరాళ్లు ఏరాడు. నల్లరాయి మంచిది, కనబడుతుంది. మట్టిబెడ్డ ఇంకా మంచిది, నలిపితే పోతుంది. తెల్లరాయే అసలు దొంగ. బియ్యపుగింజంత ఉంటుంది, ఆ రంగులోనే ఉంటుంది, పంటికింద పడేదాకా తానెవరో చెప్పదు. అందుకని అతను చేటను తలుపువైపు వాల్చి, పొద్దుటి వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని, మొదటినుంచి మళ్లీ చూస్తాడు. దొరికినదాన్ని పక్కనున్న సత్తుగిన్నెలో వేస్తాడు.

కొండాపూర్‌లో ఆ రేకుల షెడ్డుకి పేరేమీ లేదు. అందులో వండిన అన్నం, పప్పు, రెండు కూరలు మధ్యాహ్నం వ్యానెక్కి, కొత్తగా లేచిన అద్దాల భవనంలో కంప్యూటర్ల ముందు కూర్చునే మూడువందల మందికి చేరతాయి. వాళ్లకి రోజుకి నలభై కిలోల బియ్యం. ఆ నలభై కిలోలూ మోషే చేటమీదుగానే పోవాలి. ఆరింటికి గోనెపట్టా పరుచుకుని కూర్చుంటే పదింటికి లేస్తాడు. లేచేటప్పుడు ఒక చెయ్యి గోడకి, ఇంకో చెయ్యి మోకాలికి. యాభైనాలుగేళ్ల మనిషి అంతకంటే హుందాగా ఎలా లేస్తాడు లెండి.

పొట్టి మనిషి. బియ్యపుదుమ్ము కనుబొమలమీద పేరుకుని, ఉన్న వయసుకి ఇంకో పదేళ్లు కలుపుతుంది. కుడిచేతి బొటనవేలి గోరూ చూపుడువేలి గోరూ పొడుగ్గా పెంచుతాడు, అవి అతని పనిముట్లు. కళ్లజోడు కుడి అద్దంలో బీట ఉంది. ఆ బీట తగలని చోటునుంచి చూడటం ఎప్పుడో అలవాటైపోయింది. వంటమాస్టరు ఈశ్వరయ్య మాత్రం దానిమీద రోజూ ఒక చెణుకు వెయ్యనిదే పొయ్యి వెలిగించడు. "పగిలిన అద్దాలు పెట్టుకొని రాళ్లేరుతడు మా మోషే" అంటాడు. మోషే నవ్వుతాడు. ఎవరు ఏమన్నా నవ్వడం అతనికి చిన్నప్పటినుంచీ ఉంది. తప్పు చేసి దొరకనివాడికి ఉండే నవ్వు అది. ఈశ్వరయ్యకి ఆ సంగతి తెలియదు, మంచివాడు అనుకుంటాడు.

ఇవాళ చూపు చేటమీద ఉంది గాని మనసు లేదు. మధ్యాహ్నం మూడింటికి ఎర్రగడ్డలో అక్క మరియమ్మ బస్సెక్కి ఊరికి వెళ్లిపోతుంది. ఆలోగా ఆమెకి ఒక మాట చెప్పాలి. నలభైతొమ్మిదేళ్లుగా చెప్పని మాట. ఆమెకి అరవై నిండాయి, ఈసారి కంటి ఆపరేషన్ కోసం వచ్చింది కనుక వచ్చింది, మళ్లీ పట్నం ఎందుకు వస్తుంది? ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడం ఉండదని మోషేకి తెలుసు. తెలిసే రాత్రంతా నిద్రపోలేదు.

ఎనిమిదింటికి కాంట్రాక్టరు యజ్ఞనారాయణ స్కూటర్ దిగాడు. తెనాలివైపు మనిషి. కేకలు వేస్తాడు గాని కడుపులో ఏమీ ఉంచుకోడు. మోషే చేట పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"సార్, ఇయ్యాల జర రెండింటికి పోనియ్యండి. మా అక్క ఊరికి పోతున్నది."

"గిన్నెలు వ్యాన్‌లో ఎక్కించి వెళ్లవయ్యా, ఎవరొద్దన్నారు?" అని యజ్ఞనారాయణ లోపలికి పోబోతూ ఆగాడు. "అన్నట్టు మోషే, వచ్చేనెల నుంచి మిషన్లో ఏరిన బియ్యం తెప్పిస్తున్నా. రాయి అనేదే ఉండదట. నీకు వేరే పని చూద్దాంలే, కంగారుపడకు."

"మంచిది సార్" అన్నాడు మోషే. వేరే రోజైతే ఆ మాట అతన్ని కూలదోసేది. ఇవాళ అది చెవిదాకా వచ్చి ఆగిపోయింది.

మోషే బుర్రలో ఉన్న మొట్టమొదటి సంగతి ఒక చప్పుడు. దానికి ముందువి ఏమైనా ఉంటే అవి ఆ చప్పుడు వెంట వచ్చినవే.

పోలీసు యాక్షన్ అయిన రెండో ఏడు. జహీరాబాద్ దగ్గర పల్లె. అతనికి ఐదేళ్లు, మరియమ్మకి పదకొండు. ఇంట్లో వండేది జొన్న గట్క. బియ్యం వాళ్లు తినే తిండి కాదు. తల్లి పటేలు ఇంట్లో వడ్లు దంచడానికి పోయి, కూలికింద సోలెడు బియ్యం తెస్తే, అందులోంచి పిడికెడు తీసి, కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసి, మూలన ఉన్న చిన్న మట్టి గురిగిలో పోసేది. ఊళ్లో క్రైస్తవుల ఇళ్లన్నిటిలో అలాంటి గురిగి ఒకటి ఉండేది. పిడికెడు బియ్యం దేవుడి పాలు. నెల మొదటి ఆదివారం పిల్లలెవరో దాన్ని నెత్తిన పెట్టుకుపోయి గుడిలో ఇత్తడి పళ్లెంలో పోస్తే, ఉపదేశి దీవించేవాడు. తక్కిన బియ్యం తల్లి సంతలో అమ్మి జొన్నలు కొనేది. కాబట్టి ఆ ఇంట్లో బియ్యమనేది గురిగిలోనే ఉండేది.

పచ్చిబియ్యం నోట్లో వేసుకుని చెంపన పెడితే కాసేపటికి మెత్తబడి తియ్యటి పాలు ఊరతాయి. ఐదేళ్ల మోషే అది కనిపెట్టాడు. మొదట నాలుగు గింజలు. తరువాత చిటికెడు. తరువాత గుప్పెడు. గురిగిలో మట్టం దిగిపోవడం చూసి భయం వేసింది. వాగు ఒడ్డున బియ్యమంత తెల్లరాళ్లు ఉండేవి. లాగు జేబులో తెచ్చి, తిన్నంత మేర పోసి, పైన బియ్యంతో కప్పాడు. మర్నాడు తల్లి దానిమీద ఇంకో పిడికెడు పోసింది. ఎవరికీ అనుమానం రాలేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ నెల అంతా దేవుడికి రాళ్లు, మోషేకి బియ్యం.

ఆదివారం గురిగి మోసే వంతు మరియమ్మది. తలకి నూనె రాసుకుని, ఉతికిన గౌను వేసుకుని, అందరి ముందూ నిలబడి పళ్లెంలో వంచింది. మొదట బియ్యం జారిన మెత్తటి చప్పుడు. ఆ వెనక, ఇత్తడిమీద రాళ్లు పడ్డ చప్పుడు. అదీ అతనికి గుర్తున్న చప్పుడు. అందరి తలలూ పళ్లెంవైపు తిరిగాయి. మోషే తల్లి కొంగు వెనక ఉన్నాడు. ఆ పొద్దున కూడా తీసిన గింజలు అప్పుడు అతని చెంపన నానుతున్నాయి. నమిలితే వినబడుతుందేమోనని అలాగే మింగేశాడు.

"ఎవరు చేసిండ్రు గీ పని?" అన్నాడు ఉపదేశి.

మరియమ్మ పళ్లెంవైపు చూసింది, తండ్రివైపు చూసింది. "నేనే" అంది.

దేవుడికి ఇస్తామన్నదాంట్లో కొంత దాచుకుని అబద్ధమాడిన మొగుడూ పెళ్లాలు నిలబడ్డచోటే పడి చచ్చిన బైబిలు కథ ఉపదేశి ఆ రోజే చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన వేలు మరియమ్మవైపే ఉంది. ఇంటికొచ్చాక తండ్రి చింతబరికె విరిగేదాకా కొట్టాడు. రాత్రి అక్క పక్కన పడుకుని, ఆమె ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి, ఊపిరి వస్తోందో లేదో చూస్తూ మోషే మేలుకునే ఉన్నాడు. చచ్చిపోతుందేమోనని భయం. చచ్చిపోతే ఇక ఎవరూ తనని అడగరని ఒక చిన్న నిబ్బరం. ఆ నిబ్బరం తలుచుకుంటే ఇవాళ్టికీ అతనికి ఒళ్లు చచ్చిపోతుంది. ఐదేళ్ల పిల్లవాడికి అంత సంగతి ఉంటుందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను, ఉంది.

అంతటితో పోలేదు. ఆరు నెలలు మరియమ్మని గుడి గడప బయట కూర్చోబెట్టారు. "రాళ్ల మరియ" అనే పేరు పడింది. ఊళ్లో బాగా చదివే పిల్ల అని ఉపదేశి ఆ ఏడు మిషను బోర్డింగు బడికి ఉత్తరం రాసిస్తానన్నాడు. చదివి ఉంటే ఏ పంతులమ్మో నర్సమ్మో అయ్యేది. రాళ్లు పోసిన పిల్లకి ఉత్తరం రాయనన్నాడు. మర్నాటినుంచి ఆమె కలుపుకి పోయింది, ఆ మరుసటేడు తల్లి కలరాతో పోతే ఇంటి పొయ్యి కూడా ఆమె మీదే పడింది. రాళ్ల మరియని చేసుకోవడానికి ఎవరూ రాక, ఇరవయ్యెనిమిదేళ్లకి ఇద్దరు పిల్లలున్న విధురుడికి ఇచ్చారు. ఇక మోషే సంగతి. పదేళ్లప్పుడు అదే ఉపదేశి, అదే బోర్డింగుకి, మోషే పేరుమీద ఉత్తరం రాశాడు. మరియమ్మే అతనికి చొక్కా ఉతికి, బస్సుదాకా వచ్చి సాగనంపింది.

రెండేళ్లలో పారిపోయి వచ్చాడు. చదువు ఎక్కలేదన్నారు. అక్కడ రోజూ పెట్టే అన్నం ముందునుంచి తినకుండా లేచిపోయేవాణ్ణని ఎవరికి చెప్పుకుంటాడు? తరువాత పట్నం, సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ, అది మూతపడటం, బోరబండలో రెండు గదుల ఇల్లు, పెళ్లి, చివరికి ఈ చేట. నలభై కిలోల బియ్యంలో రాళ్లు ఏరే పని వచ్చినప్పుడు దేవుడు మహా గట్టివాడనిపించింది అతనికి. ఎవరితోనూ అనలేదు. తేలు కుట్టిన దొంగ ఏమంటాడు?

పది రోజులనుంచీ అక్క అతని ఇంట్లోనే ఉంది. మొదటిరాత్రి చెబుదామనుకున్నాడు, కట్టు కట్టిన కన్నుతో పడుకుని ఉంటే నోరు రాలేదు. నాలుగోనాడు కట్టు విప్పారు. "మోషే, నీకు తల నెరిసిందిరా" అని ఆమె నవ్వింది. ఆ నవ్వుమీద రాయి వెయ్యలేకపోయాడు. నిన్నరాత్రి అతని భార్య ప్రిస్కిల్లా కంచం కడుగుతూ అంది, "పది దినాల సంది వదినె చుట్టే తిరుగుతున్నవు. ఏదో చెప్పేదున్నట్టుంది. చెప్పరాదు." అతను చేతులు తుడుచుకుని బయటికి పోయి కూర్చున్నాడు.

పన్నెండున్నరకి అద్దాల భవనం క్యాంటీన్లో వడ్డన మొదలైంది. వ్యాన్ వెనకే సైకిల్‌మీద వచ్చిన మోషే ఎంగిలి ప్లేట్లు తీసే చోట నిలబడ్డాడు. ఒంటిగంట దాటాక నాలుగో బల్ల దగ్గర ఒక కుర్రాడు దవడ పట్టుకుని లేచాడు. మెడలో వేలాడే కార్డుమీద తేజ అని ఉంది. నోట్లోంచి ఏదో తీసి ప్లేటు అంచున పెట్టాడు. పంటి ముక్క, దాని పక్కన తెల్లరాయి.

యజ్ఞనారాయణ పరుగున వచ్చాడు. "ఏమయ్యా ఈశ్వరయ్యా, బియ్యం గాలించావా లేదా? నీళ్లల్లో ఆడించి వంచితే రాయి అడుగున ఉండిపోదూ? మూడువందల మంది ముందు పరువు తీశావు కదయ్యా."

వడ్డించడానికి వచ్చిన ఈశ్వరయ్య గరిటె పట్టుకుని నోరు తెరిచాడు. అతనికంటే ముందు మోషే గొంతు వినబడింది.

"ఆయన తప్పు లేదు సార్. ఏరింది నేను. ఇయ్యాల నేనే సక్కగ చూడలే."

అన్నాక, అన్నది తనేనా అని తనే తెల్లబోయాడు. తేజ నీళ్లు పుక్కిలించి, "పర్లేదు అంకుల్, ఆ పన్ను ముందే పుచ్చిపోయింది" అని పెరుగు తెచ్చుకోవడానికి పోయాడు. యజ్ఞనారాయణ ఓ రెండు మాటలు విసిరి, ఆ కుర్రాడి వెనకే క్షమాపణ చెబుతూ నడిచాడు. అంతే. ఆకాశం విరిగి పడలేదు. ఎవరూ నిలబడ్డచోట పడి చావలేదు. నేనే అనడానికి పట్టింది ఒక్క గుక్క. ఇంత తేలికైన మాటకి నలభైతొమ్మిదేళ్లా అని మోషేకి తనమీద తనకే అసహ్యం వేసింది. ఇక ఆగకూడదనుకున్నాడు.

గిన్నెలు ఎక్కించి సైకిల్ తీశాడు. మాదాపూర్ దాటి, బండలు పేల్చి కొత్తగా తీసిన రోడ్డుమీదుగా, బోరబండలోంచి ఎర్రగడ్డకి తొక్కాడు. దారిపొడుగునా ఆ ఒక్క మాటే గట్టిగా అనుకుంటూ పోయాడు. మూడింటికి పావుగంట తక్కువ ఉండగా బస్టాపు చేరాడు.

మరియమ్మ సిమెంటు బెంచీమీద కూర్చుని ఉంది. ఆపరేషన్ నల్లద్దాలు ముఖంలో సగం కప్పేశాయి. ఒళ్లో చేతులు, చేతుల్లో సంచి, కన్ను ఒత్తుకోవడానికి పొడి దూదిముక్క. వేళ్లు కలుపు తీసిన వేళ్లే, కణుపులు లావెక్కి వంకర తిరిగాయి. పక్కన ఆమె సవతి కొడుకు జాన్సన్ నిలబడ్డాడు, తీసుకుపోవడానికి ఊరినుంచి వచ్చాడు.

"వచ్చినవా మామా. నువ్వు అమ్మ దగ్గర కూసో, నేను బోర్డు చూస్త" అని అతను రోడ్డు అంచుకి పోయాడు.

మోషే కూర్చోలేదు. సైకిల్ హ్యాండిల్ పట్టుకునే నిలబడ్డాడు.

"అక్కా."

"ఆఁ."

"గురిగిల రాళ్లు పోసింది నేను."

ఏ గురిగి అని ఆమె అడగలేదు. ఒక లారీ పోయింది, ఒక ఆటో ఆగి వీళ్లని చూసి పోయింది. మరియమ్మ రోడ్డువైపే చూస్తోంది.

"నాకెర్కలేదారా" అంది చివరికి. "నెత్తిన పెట్టుకోంగనే ఎర్కయింది. బియ్యం గంత బరువుంటయా? తొవ్వల దించి చెయ్యి పెట్టి చూసిన. దినాం నీ చెంపల బియ్యం నానుడు నేను చూడలేదా? ఎన్కకు పోదామనుకున్న. పోతే నాయిన నిన్ను సంపుతుండె."

మోషే సైకిల్‌తోనే ఒక అడుగు ముందుకి వేశాడు. "ఎర్క ఉండి... నాతోని ఎన్నడు ఒక్క మాట అనకపోతివి."

"ఏమనాలెరా? ఐదేండ్ల పోరనివి. గంత చిన్నపిల్లగానికి ఏం యాదుంటది, నాల్గు దినాలైతే మర్సిపోతడు అనుకున్న. నాకైతే ఎట్లైన యాదుంటది. ఒక్క బరువు ఇద్దరెందుకు మొయ్యాలె?"

అతను ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపి, అరవకుండా, మామూలుగానే అంది.

"గా బడి యాదికొచ్చినప్పుడల్ల గదే అనుకునేదాన్ని మోషే. పోనీతీ, మా తమ్మునికి తెల్వదు, ఆడు నిమ్మళంగున్నడు అని. రాళ్ల మరియ అన్నప్పుడు గూడ గదే అనుకున్న. గట్లనే బతికిన. ఇయ్యాల గది గూడ లేకుండ చేస్తివి."

తల కొట్టేసినట్టయింది మోషేకి. పాపం చేసినందుకు సిగ్గుపడుతూ ఇన్నేళ్లు బతికాడు. చెప్పుకుంటే ఆ సిగ్గు దిగుతుందనుకున్నాడు. చెప్పుకోవడమే ఇంకో పాపం అవుతుందని ఏ ఉపదేశీ చెప్పలేదు. తను దించుకున్న బరువు ఎక్కడ దింపాడో ఎదురుగా కనబడుతూనే ఉంది.

"తప్పయిందక్కా" అన్నాడు. దేనికి అన్నాడో అతనికే తెలియలేదు.

మరియమ్మ నల్లద్దాలు సర్దుకుంది. తరువాత, ఏదో వేరే సంగతి అడుగుతున్నట్టు అడిగింది.

"అమ్మ మొఖం యాదున్నదారా నీకు?"

మోషే వెతికాడు. కొంగు ఉంది, కొంగు అంచున మరక ఉంది. వడ్లు దంచిన చెయ్యి ఉంది. ఆ పైన ఏమీ లేదు.

"లేదక్కా."

"నీదంత అమ్మ మొఖమే. గది యాదుంచుకోకపోతివి" అంది మరియమ్మ. "గా రాళ్లెందుకురా నీకు."

"జహీరాబాద్, జహీరాబాద్" అని జాన్సన్ అటునుంచి చేతులూపుతూ వచ్చాడు. బస్సు పూర్తిగా ఆగలేదు కూడా. జాన్సన్ ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో తల్లి రెక్క పట్టుకుని మెట్టు ఎక్కించాడు. ఎక్కేముందు ఆమె వెనక్కి తిరిగి, చెయ్యి చాచి, తమ్ముడి కనుబొమలమీది బియ్యపుదుమ్ము బొటనవేలితో తుడిచింది. పైకిపో అమ్మా అని కండక్టరు తొందరపెట్టాడు. ఆమె అటువైపు కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు మూసాపేటవైపు కదిలి, లారీల వెనక కలిసిపోయింది.

మోషే సైకిల్ తిప్పుకోవడానికి బెంచీ దగ్గరికి వచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ అక్క గొంతు ఒక్కసారి కూడా మారలేదు, ఆమె ఏడ్చినట్టు అతను చూడలేదు. ఆమె కూర్చున్నచోట, కంటికి ఒత్తుకునే దూదిముక్క ఉండచుట్టి ఉంది, తడిగా.